ఇంట్లో భవచక్ర థంకా పెట్టుకోవచ్చా? అందులో ఏముంది, దాన్ని ఎలా చదవాలి

మీ ప్రశ్న పూర్తిగా చదివాను. కూర్గ్ టూర్‌లో బైలకుప్పె వెళ్లినప్పుడు గుడ్డ మీద వేసిన టిబెటన్ బొమ్మ, అంటే థంకా, ఒకటి కొన్నారు. కోరలు, మూడో కన్ను ఉన్న ఆకారం ఒకటి పెద్ద చక్రాన్ని పళ్లతో, గోళ్లతో పట్టుకుని ఉంది. ఇంటికి తెచ్చాక మీ అత్తయ్యగారు "యముడి బొమ్మ ఇంట్లో ఏంటమ్మా" అన్నారు. ఇంట్లో పెట్టుకోవచ్చా, పెడితే ఎక్కడ, అందులోని బొమ్మలకీ రంగులకీ అర్థమేంటి, అది చేత్తో వేసిందా ప్రింటా అని మీరడిగారు. నేను ధర్మశాల దగ్గర ఒక టిబెటన్ గురువుగారి దగ్గర ఈ పని నేర్చుకున్నాను. ఇప్పుడు థంకాలు వేస్తాను, పాతవాటికి మరమ్మతులూ చేస్తాను. తెలిసినంత వివరంగా చెప్తాను.

ముందుగా మీ టెన్షన్ తీర్చే మాట: నిక్షేపంగా పెట్టుకోవచ్చు. మీరు కొన్నది భవచక్రం. దీన్ని పూజ కోసం వేయరు, నలుగురూ చూసి చదువుకోవడానికి వేస్తారు. లడఖ్ వెళ్లినా, సిక్కిం వెళ్లినా, భూటాన్ వెళ్లినా చాలా గోంపాల్లో, అంటే బౌద్ధ మఠాల్లో, గుడి ద్వారం పక్కన, వరండా గోడ మీద ఇది కనిపిస్తుంది. లోపలికి అడుగుపెట్టే ప్రతి మనిషీ దీని ముందు నుంచే వెళ్లాలి. ఈ ఏర్పాటు టిబెట్‌లో పుట్టింది కూడా కాదు. మూలసర్వాస్తివాదులనే పాత బౌద్ధ శాఖవారి వినయ గ్రంథంలో, అంటే భిక్షువుల నియమాల పుస్తకంలో, దీనికి ఒక కథ ఉంది. బుద్ధుడి శిష్యుడు మౌద్గల్యాయనుడు నరకాలూ స్వర్గాలూ తిరిగొచ్చి అక్కడ చూసినవి జనానికి చెప్పేవాడట. విని చాలామంది దారిలో పడేవారు. ఆయన ఒక్కడే అన్ని ఊళ్లకీ వెళ్లలేడు కదా, అందుకని విహారాల వాకిట్లో అయిదు గతుల, అంటే జీవులు పుట్టే అయిదు లోకాల, చక్రం వేయించమనీ, అడిగినవాళ్లకి విడమరచి చెప్పడానికి ఒక భిక్షువుని అక్కడ ఉంచమనీ బుద్ధుడు చెప్పాడట. మన దేశంలో దీనికి సాక్ష్యం మిగిలి ఉంది. అజంతా 17వ గుహ వరండాలో ఎడమ గోడ మీద చూడండి, అయిదో శతాబ్దపు చక్రం ముక్క ఇప్పటికీ ఉంది. తొలినాళ్లలో చూసినవాళ్లు అది రాశిచక్రం అనుకున్నారు, దాంతో ఆ గుహకి జోడియాక్ కేవ్ అనే పేరు కూడా పడింది.

కాబట్టి స్థలం సంగతి తేలిపోయినట్టే. పూజగది అక్కర్లేదు. హాల్లో గుమ్మం పక్కన, నిలబడితే చక్రం కళ్ల ఎత్తున ఉండేట్టు తగిలించండి. బాత్రూమ్ గోడకీ, చెప్పుల స్టాండ్ పైనా వద్దు. కాళ్లు చాపుకునే మంచానికి ఎదురుగానూ వద్దు. మీ అత్తయ్యగారికి ఈ కింది సంగతులు చెప్పి, ఆ బొమ్మ ముందు కూర్చుని చూడమనండి. చక్రంలో వాడిన మాటలు సగం ఆవిడకి పురాణాల వల్ల తెలిసినవే అయ్యుంటాయి.

మధ్యలోంచి మొదలుపెట్టాలి. ఇరుసు దగ్గర చిన్న గుండ్రంలో పంది, కోడి, పాము ఉంటాయి. పంది మోహం, అంటే తెలియనితనం. కోడి రాగం, పాము ద్వేషం. చాలా చిత్రాల్లో కోడి తోకా పాము తోకా పంది నోట్లో ఉంటాయి. మీ ఫొటోని పెద్దది చేసి చూశాను, మీదాంట్లోనూ అలాగే ఉంది. ఇష్టం, కోపం రెండూ తెలియనితనంలోంచే బయటికి వస్తాయని ఆ తోకల్తోనే చెప్పేశారు. పక్కన ఒక్క అక్షరం లేకుండా ఇంత కచ్చితంగా చెప్పడం చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

దాని చుట్టూ ఉన్న సన్నటి వలయం సగం తెలుపు, సగం నలుపు. తెల్లటి సగంలో మనుషులు నడుచుకుంటూ పైకి పోతుంటారు, నల్లటి సగంలో బట్టల్లేకుండా తలకిందులుగా కిందికి జారుతుంటారు. మంచి కర్మ, చెడు కర్మ. ఇక్కడ ఎక్కువసేపు ఆగక్కర్లేదు.

ఆ తర్వాతి పెద్ద భాగంలో ఆరు లోకాలు: దేవతలు, అసురులు, మనుషులు, జంతువులు, ప్రేతాలు, నరకం. వినయ కథలో అయిదే గతులు. టిబెటన్ చిత్రాల్లో అసురులని విడిగా చూపించడంతో ఆరయ్యాయి. కొన్ని చిత్రాల్లో ఇప్పటికీ అయిదు గదులే ఉంటాయి, దాన్ని తప్పు అనుకోకండి. ఇక్కడ ఒక చెట్టుని వెతకండి. దాని వేళ్లు అసురుల గదిలో ఉంటాయి, కొమ్మలూ పళ్లూ దేవతల గదిలో ఉంటాయి. నీళ్లు పోసింది తాము, పళ్లు తినేది వాళ్లా అని అసురులు గొడ్డలి పట్టుకుని ఆ చెట్టునే నరుకుతుంటారు, పైనున్నవాళ్ల మీద బాణాలు వేస్తుంటారు. అసూయని ఇంతకన్నా బాగా బొమ్మ గీసి చూపించడం కష్టం. ప్రేతాల గదిలో బానపొట్టలు, సూది సందంత గొంతులు. తిండి నోటి దగ్గరికి వచ్చేసరికి మంట అయిపోతుంది. అది లోభానికి పడే శిక్ష. దేవతల గదిలో అంతా సుఖమే అనుకుంటాం గానీ, వాళ్లూ చక్రం లోపలే ఉన్నారు. పుణ్యం అయిపోగానే పడతారు. "క్షీణే పుణ్యే మర్త్యలోకం విశంతి" అన్న గీతావాక్యం మీ అత్తయ్యగారికి కంఠతా వచ్చి ఉండొచ్చు.

ప్రతి లోకంలోనూ నిలబడ్డ ఒక చిన్న బుద్ధుడు ఉంటాడు. చాలామంది ఆయన్ని గమనించనే గమనించరు. రంగు వేరు, చేతిలో వస్తువు వేరు. దేవలోకంలో వీణ, అసుర లోకంలో కత్తి, మనుషుల దగ్గర భిక్షాపాత్ర, జంతువుల దగ్గర పుస్తకం, ప్రేతాల దగ్గర అమృత కలశం, నరకంలో నిప్పు లేదా నీళ్లు. ఎవరికి ఏ భాష వినబడుతుందో ఆ భాషలో చెప్తున్నాడన్నమాట. సుఖంలో మునిగినవాడు సంగీతం అయితేనే వింటాడు.

బయటి వలయంలో పన్నెండు గదులు. వీటినే ద్వాదశ నిదానాలు అంటారు. ఒకదాన్నుంచి ఒకటి ఎలా పుడుతుందో చెప్పే గొలుసు ఇది. కర్ర పట్టుకుని తడుముకుంటూ నడిచే గుడ్డివాడు అవిద్య. కుండలు చేసే కుమ్మరి సంస్కారం. కొమ్మ నుంచి కొమ్మకి దూకే కోతి విజ్ఞానం. పడవలో కూర్చున్న మనుషులు నామరూపం. కిటికీలున్న ఖాళీ ఇల్లు షడాయతనం, అంటే అయిదు ఇంద్రియాలూ మనసూ. కౌగిలించుకున్న జంట స్పర్శ. ఆ తర్వాతి గదిలో ఒకడి కంట్లో బాణం దిగబడి ఉంటుంది, అది వేదన. మనం వేదన అంటే బాధ అనుకుంటాం, ఇక్కడ సుఖమైనా దుఃఖమైనా తగిలే ప్రతి అనుభవమూ వేదనే. దాని పక్కన గ్లాసు మీద గ్లాసు పోయించుకుని తాగేవాడు తృష్ణ. చెట్టెక్కి పళ్లు తెంపుకునేవాడు ఉపాదానం, అంటే పట్టుకుని వదలకపోవడం. గర్భిణి భవం. ప్రసవం జాతి, అంటే పుట్టుక. చివరిగా శవాన్ని వీపున మోసుకుపోయేవాడు, జరామరణం. ఆ పక్కనే మళ్లీ గుడ్డివాడు.

ఈ పన్నెండులో నేర్పేవాళ్లు ఎక్కువసేపు ఆగే చోటు కంట్లో బాణానికీ గ్లాసుకీ మధ్య. బాణం తగలడం మన చేతిలో లేదు. తగిలాక ఇంకా కావాలనడం, లేదా ఇది వద్దని పారిపోవడం అలవాటుగా జరిగిపోతుంది. సాధన అంటూ ఏదైనా చేస్తే ఆ రెండు గదుల మధ్యే చెయ్యాలని మా గురువుగారు వేలు పెట్టి చూపించేవారు.

ఇక ఆ కోరల ఆకారం. యముడని అందరూ అంటారు, తప్పేం లేదు. పాత గ్రంథం ప్రకారం అది అనిత్యత, అంటే ఏదీ నిలవదన్న సత్యం. నెత్తిన అయిదు పుర్రెల కిరీటం, కింద వేలాడే పులితోలు ఉంటాయి. ఒక్క సంగతి చూడండి: దేవతలతో సహా ప్రతి ఒక్కరూ అతని పళ్ల మధ్యే ఉన్నారు. చక్రం బయట ఉన్నది పైన మూలలో నిలబడ్డ బుద్ధుడు. ఆయన వేలు చంద్రుడి వైపు చూపిస్తుంది. చాలా చిత్రాల్లో దగ్గర్లోనే ఒక శ్లోకం కూడా రాసి ఉంటుంది: మొదలుపెట్టండి, బయల్దేరండి, రెల్లు గుడిసెని ఏనుగు కూలదోసినట్టు మృత్యువు సేనని చెదరగొట్టండి అని దాని భావం. ఇంట్లో పెట్టుకోకూడని మాట ఇందులో నాకైతే ఒక్కటీ కనబడదు.

ఇంతసేపూ చక్రం గురించే చెప్పాను. మిగతా థంకాలు వేరే రకం పని చేస్తాయి, వాటిని చదవాల్సిన తీరూ వేరు. బుద్ధుడు గానీ, తార, అవలోకితేశ్వరుడు లాంటి బౌద్ధ దేవతలు గానీ ఉన్న థంకా సాధకుడు ధ్యానంలో వాడుకునే పనిముట్టు. ఎదురుగా పెట్టుకుని చూస్తాడు, కళ్లు మూసుకుని అదే రూపాన్ని మనసులో కడతాడు. ఎన్ని చేతులు, ఏ చేతిలో ఏముంది, కుడికాలు ముడిచిందా చాచిందా, ఏ రంగు, ఏ పద్మం మీద కూర్చుంది, అన్నీ సాధన గ్రంథంలో రాసి ఉంటాయి. చిత్రకారుడు తన ఇష్టం వచ్చినట్టు ఒక చెయ్యి మార్చాడంటే సాధకుడికి తప్పు పాఠం అందించినట్టు. అందుకే వందల ఏళ్లుగా బుద్ధుడి ముఖం మారలేదు, అందుకే థంకాల మీద సాధారణంగా చిత్రకారుడి సంతకం ఉండదు. సృజన ఎక్కడా లేదని అనుకోకండి. కొండలు, మేఘాలు, నీళ్లు, పువ్వులు, జింకలు, బట్టల మీది డిజైన్లు, వీటన్నిట్లోనూ చిత్రకారుడి చెయ్యి కనిపిస్తుంది. మెన్రి, ఖ్యెన్రి, కర్మ గద్రి అనే శైలుల మధ్య తేడాలు కూడా ఎక్కువగా అక్కడే తెలుస్తాయి. కర్మ గద్రిలో చైనా ప్రకృతి చిత్రాల ప్రభావం వల్ల చాలా ఖాళీ జాగా, లేత రంగులు ఉంటాయి. మెన్రిలో నిండుగా, ముదురుగా ఉంటుంది. కాఠ్మాండూ లోయలో అక్కడివాళ్లయిన నేవార్లు వేసే ఇలాంటి చిత్రాన్ని పౌభా అంటారు. టిబెటన్ చిత్రకళకి అది పెద్దన్న లాంటిది.

ముఖం మారదన్నాను కదా, ఆ కొలతల దగ్గర మన తెలుగు నేలకి సంబంధించిన విషయం ఒకటుంది. ఈ మాట చెప్పడమంటే నాకు చాలా ఇష్టం. గుడ్డ మీద బొమ్మ మొదలుపెట్టేముందు బొగ్గుతో ఒక నిలువు గీత గీస్తారు, దాని చుట్టూ గళ్లు. బుద్ధుడి ఎత్తు 125 భాగాలు. ఒక్కో భాగాన్ని సోర్ అంటారు, అంటే వేలు వెడల్పు, మన శిల్పుల లెక్కలో అంగుళం (ఇంచీ కాదు). ముఖం పన్నెండున్నర. అలాంటి పది ముఖాలు కలిపితే మొత్తం ఎత్తు. అంగుళానికి 8 యవలు, అంటే బార్లీ గింజలు. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే శిల్పులని అడగండి, తాళమానం, దశతాళం అంటూ ఇదే రకం లెక్క చెప్తారు. ఈ 125 లెక్క కాలచక్ర తంత్రం అనే బౌద్ధ గ్రంథానిది. టిబెటన్ల నమ్మకం ప్రకారం బుద్ధుడు ఆ తంత్రాన్ని బోధించింది ధాన్యకటక మహాస్తూపం దగ్గర, అంటే మన అమరావతిలో. చరిత్రకారులు ఆ గ్రంథం 11వ శతాబ్దం ప్రాంతానిది అంటారు, అది వేరే చర్చ. కానీ టిబెటన్లకి అమరావతి అంటే ఎంత భక్తో 2006 జనవరిలో దలైలామా అక్కడ కాలచక్ర దీక్ష ఇచ్చినప్పుడు మనవాళ్లంతా చూశారు. నేను ధాన్యకటకం ఉన్న నేల నుంచి వచ్చానని తెలిశాక మా గురువుగారు నా వైపు చూసిన చూపే మారిపోయింది. సంవర తంత్ర సంప్రదాయంలో మాత్రం లెక్క 120. ఉగ్ర దేవతలకి ఇంకా తక్కువ ముఖాల ఎత్తు పెడతారు, అందుకే వాళ్లు పొట్టిగా, బలిష్ఠంగా కనిపిస్తారు.

తెలుగువాళ్లు పోల్చుకోగల బొమ్మ ఇంకొకటుంది. తల వెనక పాముపడగలు ఉన్న సన్యాసి కనిపిస్తే ఆయన ఆచార్య నాగార్జునుడు. బుద్ధుడికి నడినెత్తిన ఉండే ఉబ్బు, అంటే ఉష్ణీషం కూడా ఈయనకి ఒక్కోసారి వేస్తారు కాబట్టి చూసేవాళ్లు తికమక పడతారు. నాగుల దగ్గర్నుంచి ప్రజ్ఞాపారమిత అనే మహాయాన బౌద్ధ గ్రంథాలు తెచ్చాడన్న కథ వల్ల ఆ పడగలు. నాగార్జునకొండకి ఆయన పేరు ఎందుకొచ్చిందో మీకు తెలుసు.

రంగుల గురించి అడిగారు. ఇంటర్నెట్‌లో "ఎరుపు అంటే శక్తి, నీలం అంటే శాంతి" అనే పట్టికలు తిరుగుతుంటాయి. వాటిని పట్టించుకోకండి. ఇక్కడ రంగు ఆ దేవత ఏ కుటుంబానికి చెందిందో చెప్తుంది. మూలం పంచబుద్ధులు: వైరోచనుడు తెలుపు, అక్షోభ్యుడు నీలం, రత్నసంభవుడు పసుపు, అమితాభుడు ఎరుపు, అమోఘసిద్ధి ఆకుపచ్చ. మోహం, కోపం, గర్వం, రాగం, అసూయ అనే అయిదు విషాలు ఒక్కొక్కరి దగ్గర ఒక్కో జ్ఞానంగా మారతాయి. అక్షోభ్యుడి నీలంలో కోపం అద్దంలాంటి తేటదనం అయిపోతుంది. ఆకుపచ్చ తార అమోఘసిద్ధి కుటుంబం, ఆయనలాగే పనిలోకి దిగే స్వభావం. అందుకే ఆవిడ కుడికాలు కిందికి చాచి, చిన్న పద్మం మీద పెట్టి, లేవడానికి సిద్ధంగా ఉంటుంది. తెల్ల తారకి ఏడు కళ్లు. ముఖాన మూడు, అరచేతుల్లో రెండు, అరికాళ్లలో రెండు. ఆయుష్షు కోసం ఆవిడ థంకా వేయిస్తారు.

వస్తువులకి వస్తే, జ్ఞానానికి మూర్తి అయిన మంజుశ్రీ చేతిలో కత్తి, పద్మం మీద ప్రజ్ఞాపారమిత గ్రంథం. భైషజ్యగురువు, అంటే వైద్య బుద్ధుడు, ముదురు నీలంలో ఉంటాడు. ఒడిలో పాత్ర, కుడి చేతిలో ఆకులతో సహా ఒక కాయ. ఎవరైనా అదేంటని అడిగితే చెప్పండి, అది కరక్కాయ. మన ఇళ్లలో దగ్గుకి బుగ్గన పెట్టుకునేదే. టిబెటన్ వైద్యంలో దానికి అన్ని మందుల్లోకీ పెద్దపీట. బొమ్మ అడుగున చిన్న బల్ల మీద కుప్పగా కొన్ని వస్తువులు ఉంటాయి. అద్దం, వీణ లేదా తాళాలు, సుగంధం నింపిన శంఖం, పళ్లు, పట్టుగుడ్డ. చూపు, వినికిడి, వాసన, రుచి, స్పర్శ అనే అయిదింటినీ సమర్పించడం అది. ఉగ్ర దేవతలకి ఇవే ఇంద్రియాలని గుండె, కళ్లు, చెవులు, నాలుక, ముక్కుగా పుర్రె పాత్రలో వేస్తారు. చూసి జడుసుకునేవాళ్లు ఎక్కువ. ఉగ్ర దేవతల్లో ఒకడైన మహాకాలుడి చుట్టూ మంటలు, చేతిలో వంకర కత్తి, కపాలం ఉంటాయి. ఆ కోపం మనుషుల మీద కాదు, అడ్డుపడే అజ్ఞానం మీద. బిడ్డ బావి అంచు దగ్గరికి పాకుతుంటే తల్లి వేసే కేక లాంటిది. నరసింహుణ్ణి ఇంట్లో పెట్టుకుని కొలిచేవాళ్లకి ఇది ఇట్టే అర్థం కావాలి. దేవతల జంట కౌగిలిలో ఉన్న చిత్రాలు కూడా మీకు ఎదురవుతాయి. పురుషుడు ఉపాయం, అంటే కరుణ. స్త్రీ ప్రజ్ఞ. రెండూ విడివిడిగా ఉంటే పని జరగదని భావం. అవి దీక్ష తీసుకున్నవాళ్ల సాధనకి ఉద్దేశించినవి, హాల్లో అలంకారానికి కొనొద్దని మాత్రం నా సలహా.

తయారీ గురించి కొంచెం చెప్తేనే అసలు, నకిలీ సంగతి అర్థమవుతుంది. పల్చటి నూలు గుడ్డని చట్రానికి దారంతో కుట్టి బిగిస్తారు. చర్మం ఉడికించి తీసిన జిగురూ మెత్తటి సుద్దా కలిపి రెండు వైపులా పూస్తారు. మన చేర్యాల పటాలు వేసే నకాషీలు ఖాదీ మీద చింతగింజల అంబలి, సుద్దమట్టి పూయడం చూసినవాళ్లకి ఈ పని కొత్తగా అనిపించదు. ఆరాక కొద్దిగా తడిచేసి నున్నటి రాయితో గంటలకొద్దీ రుద్దుతారు. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే నేత సందుల్లోంచి ఒక్క చుక్క వెలుతురు కూడా రాకూడదు. నేర్చుకునేవాళ్లకి ముందు ఈ పనే ఇస్తారు.

రంగులు రాళ్లలోంచి వస్తాయి. నీలానికి అజురైట్, ఆకుపచ్చకి మాలకైట్, ఎరుపుకి ఇంగిలీకం, పసుపుకి హరిదళం. ఛాయలకి నీలిమందు, లక్క. వీటిలో అజురైట్ మొండిది. మెత్తగా నూరినకొద్దీ పాలిపోతుంది, అందుకే ముదురు నీలం కావాలంటే కాస్త బరకగానే వదలాలి. ఇంగిలీకం దీనికి సరిగ్గా ఎదురు, ఎంత నూరితే అంత మెరుపు. ముందు ఆకాశం, తర్వాత కొండలు, నేల, ఆ తర్వాత బట్టలు, శరీరాలు. ఆకాశం పైన ముదురుగా ఉండి దిగంతం దగ్గరకొచ్చేసరికి తెల్లబడుతుంది. ఆ మార్పంతా సన్నటి కుంచె మొనతో చుక్కలూ గీతలూ పెట్టి తెస్తారు, ఒక్క ఆకాశానికే రోజులు పడుతుంది. చివర్లో బంగారం పొడి. దాన్ని రాతి మొనతో రుద్ది మెరిపిస్తారు. అన్నీ అయ్యాక కళ్లు తెరుస్తారు. ధ్యానంలో ఉన్న బుద్ధుడి పైరెప్ప వంచిన విల్లులా ఉంటుంది, నల్లగుడ్డు సగమే కనబడుతుంది. వెంట్రుకంత గీత తప్పితే ధ్యానం పోయి నిద్రలా కనిపిస్తుంది. ఆ రోజు మా గురువుగారు పొద్దున్నే స్నానం చేసి, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చునేవారు. కొన్ని దేవతల చిత్రాలకి పని జరిగినన్నాళ్లూ మాంసం, ఉల్లి, వెల్లుల్లి ముట్టుకోరు.

తర్వాత గుడ్డ వెనక, నుదురు, గొంతు, గుండె ఉన్న చోట్ల ఓం, ఆః, హూం అనే అక్షరాలు రాస్తారు. కాయం, వాక్కు, మనసు అని లెక్క. అప్పుడు లామా ప్రతిష్ఠ చేస్తాడు. ప్రతిష్ఠ జరగనంతవరకూ అది బొమ్మే. థంకా వేయించడం వెనక కారణాలూ ఉంటాయి. ఇంట్లో ఎవరైనా పోతే, ఏ దేవత బొమ్మ వేయించాలో లామాని అడిగి, 49 రోజుల్లోపు పూర్తి చేయిస్తారు. పోయినవాళ్లకి మంచి జన్మ రావాలని. అలాంటి పని మీద కూర్చున్న చిత్రకారుడు తొందరపడలేడు, ఆలస్యమూ చేయలేడు.

ఇప్పుడు మీదానికి వద్దాం. మీ ఫోన్ కెమెరాని బాగా దగ్గరగా పెట్టి ఆకాశాన్నీ, ఏదైనా ముఖాన్నీ తీయండి. నాలుగు రంగుల చుక్కలు సమాన దూరంలో వరసగా కనిపిస్తే అది ప్రింట్. చేతి పని అయితే గీత ఒక చోట లావై ఇంకో చోట సన్నబడుతుంది, చుక్కలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఇంకో రకం ఉంది, దాంతోనే మోసపోతారు. కాన్వాస్ మీద గీతలు ప్రింట్ చేసి రంగులు చేత్తో నింపుతారు. అప్పుడు రంగు పల్చగా ఉన్న చోట, కింద ఒకే మందంతో బూడిదరంగు గీత కనిపిస్తుంది. బంగారం మీద వేలు పెట్టొద్దు, పక్కనుంచి వెలుతురు వేసి చూడండి. అసలు బంగారం ఏళ్లు గడిచినా నల్లబడదు, ఇత్తడి పొడి నల్లబడుతుంది. వెనక మూడక్షరాలు ఉన్నాయేమో కూడా చూడండి. ఉన్నంత మాత్రాన అసలుదని కాదు, ఈమధ్య అవి కూడా ప్రింట్‌లోనే వచ్చేస్తున్నాయి.

మీరు పెట్టిన ఫొటోలో నాకు కనిపించినంతవరకూ, మీది చేత్తోనే వేసినది, కానీ రాతి రంగులు కావు. ఆ ఆకుపచ్చ మరీ నిగనిగలాడుతోంది, పోస్టర్ కలరో ఆక్రిలిక్కో అయ్యుండాలి. నేర్చుకుంటున్నవాళ్ల చెయ్యి. కోతి బాగా వచ్చింది, కుమ్మరి చేతుల దగ్గర తడబడ్డారు. దీనికి చిన్నబుచ్చుకోవాల్సిందేం లేదు. లెక్క ప్రకారం పన్నెండు గదులూ సరిగ్గా ఉన్నాయి, వరస తప్పలేదు. చదువుకోవడానికి అది చాలు.

ఎప్పుడైనా "వందేళ్ల నాటిది" అని ఎవరైనా అమ్మజూపితే మాత్రం జాగ్రత్త. టీ డికాషన్‌తో, పొగతో పాతగా కనిపించేలా చేసినవి బోలెడున్నాయి. నిజంగానే వందేళ్లు దాటినదైతే 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, దేశం దాటించడం నేరం. గోంపాల్లోంచి పోయిన థంకాలు కూడా ఇలాగే చేతులు మారతాయి. ఎక్కణ్ణుంచి వచ్చిందో కాగితం లేకపోతే వదిలేయండి.

జాగ్రత్తలు నాలుగు మాటల్లో చెప్తాను. ఎండ నేరుగా పడకూడదు. కింద దీపం, అగరొత్తులు పెట్టొద్దు. మసి పట్టిందంటే వదలదు, జిగురు రంగుల మీద తడిగుడ్డ పెట్టారంటే రంగే వచ్చేస్తుంది. మీరుండేది విశాఖ అన్నారు కాబట్టి తేమ ముఖ్యం. బయటి గోడకి కాకుండా లోపలి గోడకి తగిలించండి, వెనక కాస్త గాలి ఆడాలి. గాజు ఫ్రేమ్ కట్టిస్తే గాజుకి రంగు తగలకుండా మధ్యలో ఖాళీ ఉండాలి. లామినేషన్ అస్సలు వద్దు. పైన పల్చటి పట్టు తెర ఉంటే అది ఉత్త అలంకారం అనుకుని తీసేయకండి, దుమ్ము నుంచి కాపాడేది అదే. చుట్టి పెట్టాల్సి వస్తే తెర కప్పి, కింది కర్ర నుంచి పైకి, వదులుగా చుట్టండి. బిగించి చుడితే రంగు అడ్డంగా పగులుతుంది. ఇప్పటికే ఎక్కడైనా పెచ్చులు లేస్తుంటే మళ్లీ చుట్టకుండా బల్ల మీద పరిచి ఉంచి, చిత్రాల మరమ్మతు తెలిసినవాళ్లకి చూపించండి. ఫెవికాల్‌తో మాత్రం అతికించొద్దు, తర్వాత ఎవరూ ఊడదీయలేరు.